కలల గోల్ఫ్ కోర్సులు: మామూలు ఆటగాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున ఆట ముగించి, బూట్ల మట్టి దులుపుకుని చాయ్ తాగుతూ కూర్చుంటే మా బ్యాచ్‌లో మాట చివరికి ఒకచోటికే పోతుంది: "జీవితంలో ఒక్కసారైనా అక్కడ ఆడాలి." ఆ "అక్కడ" ఒక్కొక్కరికి ఒక్కోటి. నా హ్యాండిక్యాప్ (ఆట స్థాయి చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మంచి ఆటగాడు) 19. నేర్చుకున్నది నలభై దాటాక. రెండేళ్ల క్రితం మా బావ, నేను కలిసి స్కాట్లాండ్ వెళ్లొచ్చాం. అప్పటి నుంచి తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు అడుగుతున్న ప్రశ్నలకు జవాబులు ఒకచోట రాసిపెడుతున్నాను. ఫీజులు ఏటా మారుతుంటాయి, బయల్దేరే ముందు ఆయా కోర్సుల వెబ్‌సైట్లు చూసుకోండి.

కలల కోర్సులంటే ఏవి? అందరి జాబితా ఒకటేనా?

పేర్లు దాదాపు అవే తిరుగుతుంటాయి. స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్, మ్యూర్‌ఫీల్డ్. ఉత్తర ఐర్లాండ్‌లో రాయల్ కౌంటీ డౌన్. అమెరికాలో అగస్టా నేషనల్, పెబుల్ బీచ్, సైప్రస్ పాయింట్, పైన్ వ్యాలీ, బెత్‌పేజ్ బ్లాక్, బ్యాండన్ డ్యూన్స్. ఆస్ట్రేలియాలో రాయల్ మెల్‌బోర్న్.

పత్రికలు వీటికి ర్యాంకులు ఇస్తాయి. ఆ ర్యాంకులు నాకు పెద్దగా పనికిరాలేదు. మనలాంటివాళ్లు చూసుకోవాల్సింది గేటు. డబ్బు కట్టి, పేరు ఇచ్చి ఎవరైనా ఆడగలిగేవి కొన్ని. ప్రైవేటు క్లబ్బులే అయినా వారంలో కొన్ని రోజులు బయటివాళ్లను రానిచ్చేవి కొన్ని. సభ్యుడు వెంటబెట్టుకుని తీసుకెళ్తే తప్ప లోపల కాలు పెట్టలేనివి కొన్ని. మన జనం మూడో రకం గురించే ఎక్కువ కలలు కంటారు, దూరపు కొండలు నునుపు కదా. అన్నింటికంటే పాతది, ఎక్కువ పేరున్నది మొదటి రకంలోనే ఉందని చెబితే చాలామంది నమ్మరు.

ఓల్డ్ కోర్స్ అంటే రాజులు, ప్రభువుల క్లబ్ కాదా? 22 హ్యాండిక్యాప్ వాడిని రానిస్తారా?

రానిస్తారు. అది క్లబ్బుది కానే కాదు, ఊరిది. మొదటి టీ (హోల్ మొదలుపెట్టి బంతి కొట్టే చోటు) వెనకాల కనిపించే రాతి భవనం 1754లో మొదలైన రాయల్ అండ్ ఏన్షియంట్, పొట్టిగా ఆర్ అండ్ ఏ క్లబ్‌ది. ఆ భవనంలోకి మనకు ప్రవేశం లేదు. కానీ దాని ముందున్న గడ్డి మీద ఆ క్లబ్‌కు యాజమాన్యం లేదు. ఏడు పబ్లిక్ కోర్సులను సెయింట్ ఆండ్రూస్ లింక్స్ ట్రస్ట్ నడుపుతుంది, ఓల్డ్ కోర్స్ అందులో ఒకటి.

దీని వెనక ఊరివాళ్ల పోరాటం ఉంది. 1457లో రాజు రెండో జేమ్స్ కాలంలో, కుర్రాళ్లు విలువిద్య మానేసి ఆడుతున్నారని ఫుట్‌బాల్‌నూ గోల్ఫ్‌నూ నిషేధించారు. నిషేధించాల్సి వచ్చిందంటే అప్పటికే ఎంత పిచ్చో ఊహించుకోండి. 1552లో ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్ ఇచ్చిన పత్రం ఆ ఇసుక నేల మీద ఆడుకునే హక్కు ఊరి ప్రజలదని రాసిపెట్టింది. 1797లో ఊరి కౌన్సిల్ అప్పుల్లో కూరుకుపోయి నేలను చేజార్చుకుంది, అది కుందేళ్ల పెంపకందారుల చేతికి పోయింది. కుందేళ్లు తవ్విన బొరియల మధ్య గోల్ఫ్ ఎలా ఆడతారు? గొడవలు, కోర్టు కేసులు ఇరవై ఏళ్లకు పైగా సాగాయి. 1821లో జేమ్స్ చీప్ అనే స్థానిక భూస్వామి కొని ఆటకు మిగిల్చాడు. మన ఊళ్లలో చెరువు శిఖం భూమి కోసం జరిగే తగాదాలు తెలిసినవాళ్లకు ఈ కథ కొత్తగా అనిపించదు.

కావాల్సింది ఒక్కటే: అధికారిక హ్యాండిక్యాప్ ఇండెక్స్. అది 36 దాటకూడదు. మన దగ్గరైతే మీ క్లబ్బు ద్వారా, ఇండియన్ గోల్ఫ్ యూనియన్ వ్యవస్థలో వచ్చే ఇండెక్స్ చెల్లుతుంది. డ్రైవింగ్ రేంజ్‌లో మాత్రమే ఆడేవాళ్లు ముందు ఆ పని చూసుకోండి.

టీవీలో చూస్తే బీడు భూమిలా ఉంటుంది. అంత గొప్పేముంది?

మీరొక్కరే కాదు, 1946లో ఓపెన్ (బ్రిటన్‌లో జరిగే పెద్ద టోర్నమెంట్) ఆడటానికి వచ్చిన అమెరికన్ ఆటగాడు శామ్ స్నీడ్ కూడా రైలు కిటికీలోంచి చూసి, ఎవరో వదిలేసిన పాత కోర్సు అనుకున్నాడట. ఆ వారమే ఓపెన్ గెలిచాడు. 1921లో ఇంకో అమెరికన్ బాబీ జోన్స్ మరీ ఘోరం. 11వ హోల్ బంకర్‌లో (ఇసుక గుంటలో) చిక్కుకుని విసుగొచ్చి ఆ రౌండే వదిలేశాడు. తర్వాత 1927లో ఓపెన్, 1930లో బ్రిటిష్ అమెచ్యూర్ (ప్రొఫెషనల్స్ కానివాళ్ల పోటీ) అక్కడే గెలిచాడు. 1958లో ఊరు అతనికి పౌర గౌరవం ఇచ్చింది, అంతకుముందు ఆ గౌరవం పొందిన అమెరికన్ బెంజమిన్ ఫ్రాంక్లిన్.

మొదటిసారి చూసినప్పుడు నాకూ ఏమీ అనిపించలేదు. మొదటి హోల్, 18వ హోల్ కలిసిపోయిన పెద్ద మైదానం, దాన్ని అడ్డంగా కోస్తూ ఒక మామూలు రోడ్డు, ఆ రోడ్డు మీద కుక్కను తిప్పుకుంటూ ఒక పెద్దావిడ. మా స్కూలు గ్రౌండ్ గుర్తొచ్చింది. అసలు సంగతి నడవడం మొదలుపెట్టాకే తెలుస్తుంది.

ఇది లింక్స్ నేల. సముద్రానికీ పంట భూములకూ మధ్య, ఇసుక మీద సన్న గడ్డి మొలిచిన ఎగుడుదిగుడు నేల. దీన్ని ఎవరూ గీతలు గీసి కట్టలేదు. గాలి, గొర్రెలు, వందల ఏళ్ల నడక కలిసి చేశాయి. వాన నీరు ఇట్టే ఇంకిపోతుంది కాబట్టి నేల గట్టిగా ఉంటుంది. బంతి పడ్డాక అసలు ఆట మొదలవుతుంది, ఎటు దొర్లుతుందో దాని ఇష్టం. టీ మీద నిలబడితే బంకర్లు చాలావరకు కనబడవు. మొత్తం 112 ఉన్నాయి. చక్కగా కొట్టాననుకున్న బంతి దగ్గరికి వెళ్తే, మనిషి లోతు గుంటలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంటుంది.

గ్రీన్ల లెక్క ఇంకా సరదాగా ఉంటుంది. గ్రీన్ అంటే గుంత, జెండా ఉండే నున్నటి గడ్డి. 18 హోల్స్‌కు 11 గ్రీన్లే. వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ ఒకే గ్రీన్ పంచుకుంటారు: రెండోదీ పదహారోదీ, మూడోదీ పదిహేనోదీ, అలా ఏడు జంటలు. ఏ జంట కూడినా 18 వస్తుంది. మొదటిది, తొమ్మిదోది, చివరి రెండు మాత్రం ఒంటరివి. నేను అయిదో గ్రీన్ మీదికి బంతి చేర్చి సంబరపడ్డాను. తీరా చూస్తే జెండా నా నుంచి దాదాపు 50 గజాల దూరంలో ఉంది. గ్రీన్ మీదే ఉన్నాను, కానీ ఊరవతల ఉన్నాను. మా క్యాడీ (బ్యాగు మోస్తూ ఎటు కొట్టాలో చెప్పే మనిషి) నవ్వలేదు, ఆయన రోజూ చూస్తాడు కదా.

ఇప్పుడు ప్రపంచమంతా ఆడే 18 అనే అంకె కూడా ఇక్కడి నుంచే వచ్చింది. మొదట ఇక్కడ రౌండుకు 22 హోల్స్. 1764లో చిన్నచిన్న హోల్స్ కొన్నింటిని కలిపేశారు, 18 అయ్యాయి. మిగతావాళ్లు అనుసరించారు.

ఇక 17వది, రోడ్ హోల్. టీ షాట్ హోటల్ షెడ్ల మీదుగా కొట్టాలి, అంటే కళ్ల ముందు ఫెయిర్‌వే (బంతి పడాల్సిన, గడ్డి కత్తిరించిన దారి) బదులు గోడ ఉంటుంది. గ్రీన్ ముందు చిన్న బంకర్, వెనక నిజమైన రోడ్డు. 1978 ఓపెన్‌లో జపాన్ ఆటగాడు టామీ నకజిమా గ్రీన్ మీది నుంచి పట్ చేస్తే (నేల మీద దొర్లిస్తే) బంతి ఆ బంకర్‌లోకి దొర్లింది. హోల్ ముగిసేసరికి 9 దెబ్బలు. దాన్ని దాటితే స్విల్కన్ వంతెన. ఫోటోల్లో మహా కట్టడంలా కనబడే ఆ రాతి వంతెన, నిజానికి పిల్ల కాలువ మీద నాలుగు అడుగులు. 2023లో దాని మొదట్లో కొత్తగా రాళ్లు పరిస్తే ప్రపంచం నలుమూలల నుంచి తిట్లు వచ్చాయి, కొద్ది రోజుల్లోనే పీకేశారు.

సరే, స్లాట్ ఎలా దొరుకుతుంది?

బ్యాలెట్, అంటే లాటరీ. ఆడాలనుకున్న రోజుకు రెండు రోజుల ముందు, అక్కడి సమయం ప్రకారం మధ్యాహ్నం 2 గంటల లోపు పేర్లు ఇవ్వాలి. కనీసం ఇద్దరు, ఎక్కువలో ఎక్కువ నలుగురు. సాయంత్రానికి ఫలితం తెలుస్తుంది. రాకపోతే మర్నాడు మళ్లీ వేయండి. మాకు మూడో ప్రయత్నంలో వచ్చింది. ఆ రెండు సాయంత్రాలూ మా బావ ఫోన్ చూసుకుంటూ పడిన టెన్షన్ ఎంసెట్ ర్యాంకు రోజున కూడా పడి ఉండడు.

అందుకే ఊళ్లో నాలుగైదు రోజులు ఉండేలా ప్లాన్ చేసుకోండి. ఒక్కరోజు కోసం వెళ్లడమంటే జూదమే. ముందే ఖాయం చేసుకునే దారులు రెండున్నాయి. అంతకుముందు ఏడాదే ట్రస్టుకు దరఖాస్తు పెట్టడం ఒకటి, అధికారిక ప్యాకేజీ అమ్మే సంస్థల ద్వారా కొనడం రెండోది. ప్యాకేజీలో హోటల్, వేరే కోర్సుల రౌండ్లు కూడా అంటగడతారు కాబట్టి బాగా ఖరీదు. గ్యారంటీగా స్లాట్ ఇప్పిస్తానన్న ఒక ఏజెంటుకు మావాడొకడు అడ్వాన్స్ కట్టాడు. చివరికి తేలింది ఏమిటంటే ఆ ఏజెంటు చేసేదీ అందరిలా బ్యాలెట్‌లో పేరు వేయడమే. అధికారిక జాబితాలో ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరి మాటా నమ్మకండి.

ఆదివారాలు మామూలుగా ఓల్డ్ కోర్స్‌లో ఆట ఉండదు, గడ్డికి సెలవు. పెద్ద టోర్నమెంట్లు ఉంటే తప్ప.

ఒంటరిగా వెళ్తున్నాను. ఇద్దరు ఉండాలంటున్నారు కదా?

ఒంటరివాళ్లకు వేరే లాటరీ ఉంది. ముందురోజు స్వయంగా వెళ్లి పేరు నమోదు చేసుకోవాలి. గ్రూపుల్లో ఖాళీలుంటే మిమ్మల్ని కలుపుతారు. 2024కు ముందు దీనికోసం జనం అర్ధరాత్రి నుంచి పెవిలియన్ ముందు చలిలో లైను కట్టేవారు. ఇప్పుడా బాధ లేదు. నిజం చెప్పాలంటే ఒంటరి ఆటగాడికే కాస్త సులువు, ముగ్గురున్న గ్రూపులు చాలా వస్తుంటాయి.

మొత్తం ఎంతవుతుంది?

2025 వేసవి సీజన్‌లో ఓల్డ్ కోర్స్ రౌండు ఫీజు 340 పౌండ్లు. క్యాడీకి ఫీజు, టిప్పు అదనం. క్యాడీ లేకుండా వెళ్లకండి, అక్కడ పొదుపు చేస్తే ఎటు కొట్టాలో తెలియక రౌండంతా వృథా. విమానం, వీసా, బస మీ ఇష్టాన్ని బట్టి. ఊళ్లో విశ్వవిద్యాలయం ఉంది కాబట్టి చిన్న చిన్న గెస్ట్‌హౌస్‌లు కూడా దొరుకుతాయి. ఎడింబరో నుంచి రైల్లో గంట ప్రయాణం చేసి లూకర్స్‌లో దిగి, అక్కడి నుంచి బస్సు ఎక్కితే సరిపోతుంది, కారు అక్కర్లేదు.

చలికాలంలో ఫీజు బాగా తగ్గుతుంది. కానీ గడ్డిని కాపాడటానికి ఫెయిర్‌వే మీద చిన్న మ్యాట్ పెట్టుకుని దాని మీది నుంచే కొట్టాలి. అంత దూరం వెళ్లి మ్యాట్ మీద ఆడటం నా మనసుకు ఎక్కలేదు.

ఏ నెల మంచిది?

జూన్‌లో రాత్రి 10 దాటినా వెలుతురు ఉంటుంది. రద్దీ కూడా అప్పుడే. మేం సెప్టెంబర్‌లో వెళ్లాం, బాగుంది. ఏ నెలైనా స్వెటర్, వాన కోటు రెండూ బ్యాగులో ఉండాల్సిందే. ఒకే రౌండులో నాలుగు రుతువులు చూశాం.

హైదరాబాద్‌లో ఉండి లింక్స్ ఆటకు ఎలా సిద్ధం కావాలి?

ముందు నడక. అక్కడ మామూలుగా బగ్గీలు (చిన్న గోల్ఫ్ బండ్లు) ఉండవు, ఆరోగ్య కారణం చూపిస్తే తప్ప. నాలుగు గంటలు గాలికి ఎదురు నడవాలి.

రెండోది, బంతిని గాల్లోకి లేపి గ్రీన్ మీద ఆపాలనే అలవాటు మానుకోవడం. గట్టి నేల మీద పడిన బంతి ఆగదు. 7 ఐరన్ అనే కర్రతో నేలబారుగా కొట్టి దొర్లించడం నేర్చుకోండి. దీనికి మన ఏప్రిల్, మే నెలలను మించిన గురువు లేడు. ఎండకు గడ్డి మాడి నేల గట్టిపడ్డాక అందరూ కోర్సు బాలేదని తిట్టుకుంటారు. నేను ఆ నెలల్లోనే 30 గజాల నుంచి పటర్‌తో (గ్రీన్ మీద బంతిని దొర్లించే కర్రతో) కొట్టడం అలవాటు చేసుకున్నాను. స్కాట్లాండ్‌లో నా రౌండును కాపాడింది అదే. విశాఖవాళ్లకు గాలి కూడా ఉచితం.

బంకర్‌లో పడితే జెండా వైపు చూడకండి. పక్కకో, వెనక్కో, ఎటు వీలైతే అటు బయటపడండి.

పెబుల్ బీచ్‌లో ఆడాలంటే కోటీశ్వరులై ఉండాలా?

ఉండక్కర్లేదు గానీ ఆ నెల జీతం గురించి ఆలోచించకూడదు. కాలిఫోర్నియాలో మాంటెరీ ద్వీపకల్పం అంచున, 1919లో జాక్ నెవిల్, డగ్లస్ గ్రాంట్ రూపొందించిన కోర్సు ఇది. పబ్లిక్ కోర్సే. ఫీజు 700 డాలర్లకు దరిదాపుల్లో ఉంది, అది కూడా ముందుగా బుక్ చేసుకోవాలంటే వాళ్ల రిసార్టులో కనీసం రెండు రాత్రులు ఉండాలి. ఆ గదుల అద్దెతో పోలిస్తే ఫీజే నయమనిపిస్తుంది. రిసార్టులో ఉండనివాళ్లు ఒక్కరోజు ముందు ఫోన్ చేసి మిగిలిపోయిన స్లాట్ అడగొచ్చు. బే ఏరియాలో ఉండే మన కుర్రాళ్లలో గోల్ఫ్ ఆడేవాళ్లు కొందరు ఇలాగే పట్టారు. ఆఫీసుకు సెలవు పెట్టగలిగే దూరంలో ఉండటం వాళ్ల అదృష్టం.

ఏడో హోల్ 110 గజాలు కూడా లేదు. ప్రపంచంలో పెద్ద టోర్నమెంట్లు జరిగే కోర్సుల్లో అంత చిన్న హోల్ అరుదు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొనమీద చిన్న గ్రీన్. గాలి లేకపోతే వెడ్జ్ (దగ్గరి దూరాలకు వాడే కర్ర) చాలు, గాలి వస్తే ఏ కర్ర పట్టుకోవాలో ప్రొఫెషనల్స్‌కే తెలియదు. 18వది ఎడమ పక్కంతా పసిఫిక్. 2000 యూఎస్ ఓపెన్‌ను టైగర్ వుడ్స్ ఇక్కడే 15 స్ట్రోక్‌ల తేడాతో గెలిచాడు.

అంత పెట్టలేకపోతే పక్క ఊరు పసిఫిక్ గ్రోవ్‌కు వెళ్లండి. అక్కడి మున్సిపల్ కోర్సులో రెండో తొమ్మిది హోల్స్ ఇదే జాక్ నెవిల్ వేసినవి. ఇసుక దిబ్బలు, పాత లైట్‌హౌస్, అదే సముద్రం. ఫీజు పెబుల్ బీచ్‌తో పోలిస్తే చిల్లర. పేదవాడి పెబుల్ బీచ్ అని ముద్దుపేరు. నాకైతే ఆ పేరులో చిన్నచూపు కనబడదు.

న్యూజెర్సీలో ఉంటున్నాం. దగ్గర్లో ఏదైనా?

న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో బెత్‌పేజ్ బ్లాక్. ఇది రాష్ట్ర ప్రభుత్వ పార్కు, నమ్మండి. ఆర్థిక మాంద్యం రోజుల్లో, పనిలేని కూలీలకు పని కల్పించే పథకం కింద కట్టి 1936లో తెరిచారు. 2002, 2009 యూఎస్ ఓపెన్లు, 2025 రైడర్ కప్ (అమెరికా, యూరప్ జట్ల పోటీ) ఇక్కడే జరిగాయి. మొదటి టీ దగ్గర బోర్డు ఉంటుంది: ఈ కోర్సు అతి కష్టం, బాగా ఆడగలిగినవాళ్లకే సిఫారసు చేస్తున్నాం అని. అందరూ దాని పక్కన నిలబడి ఫోటో దిగి, నవ్వుకుని, ఆరో హోల్‌కల్లా నవ్వు మానేస్తారు.

న్యూయార్క్ వాసులకు ఫీజు చాలా తక్కువ, బయటి రాష్ట్రాలవాళ్లకు దానికి రెట్టింపు పైనే. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి వెళ్లినా మీరు బయటివాళ్లే. ఆన్‌లైన్ స్లాట్లు నిమిషాల్లో అయిపోతాయి. అందుకని అంకెలు వేసిన పార్కింగ్ గడుల్లో రాత్రే కారు పెట్టి, అందులోనే పడుకుని, తెల్లవారుజామున టికెట్ పట్టుకునే సంప్రదాయం ఒకటి ఉంది. తిరుమల సర్వదర్శనం లైన్లో పిల్లలతో కూర్చున్న అనుభవం ఉన్నవాళ్లకు ఇదేమీ కష్టం కాదు. నడకే, బగ్గీలు లేవు.

అగస్టా నేషనల్‌లో ఆడే దారి ఏదైనా ఉందా?

సభ్యుడు పిలవాలి. దరఖాస్తు పెట్టుకునే పద్ధతి లేదు, డబ్బుతో కొనేది కాదు. మిగతా దారులు ఇవీ: అక్కడే ఏటా జరిగే మాస్టర్స్ టోర్నమెంట్‌ను కవర్ చేసే విలేకరుల్లో కొందరిని లాటరీ తీసి, టోర్నమెంట్ అయిన మర్నాడు సోమవారం ఆడనిస్తారు. అక్కడ పనిచేసే వాలంటీర్లకు సీజన్ చివర్లో ఒక రోజు ఉంటుంది.

అమెచ్యూర్‌కు నికార్సైన దారి ఇంకొకటుంది, కాకపోతే అది మనకు కాదు, మన పిల్లలకు. 2009లో మొదలైన ఆసియా పసిఫిక్ అమెచ్యూర్ గెలిస్తే మాస్టర్స్ ఆహ్వానం వస్తుంది. జపాన్ కుర్రాడు హిడెకి మత్సుయామా 2010లో అలా గెలిచి అగస్టాలో అడుగుపెట్టాడు, 2021లో మాస్టర్స్ గెలిచి, విజేతకిచ్చే ఆకుపచ్చ కోటు వేసుకున్నాడు. భారత్‌కు ఆడిన రేహాన్ థామస్ 2018లో రెండో స్థానం దాకా వచ్చి ఆగాడు. మాస్టర్స్ ఆడిన మొదటి భారతీయుడు జీవ్ మిల్ఖా సింగ్, 2007లో.

ఆడలేకపోయినా చూడొచ్చు. టికెట్లకు ఆన్‌లైన్ లాటరీ ఉంటుంది, ఏడాది ముందే పేరివ్వాలి. సోమ, మంగళ, బుధవారాల ప్రాక్టీస్ రోజులకు వేస్తే కాస్త ఆశ ఎక్కువ. ఫోన్ లోపలికి తీసుకెళ్లనివ్వరు. టీవీలో చదునుగా కనిపించే ఆ కోర్సు నిజానికి కొండ ఎక్కిదిగినట్టు ఉంటుందని చూసొచ్చిన ప్రతివాళ్లూ చెబుతారు. అది ఒకప్పుడు మొక్కల నర్సరీ, అందుకే ప్రతి హోల్‌కూ ఒక చెట్టు పేరో పువ్వు పేరో.

సైప్రస్ పాయింట్? పైన్ వ్యాలీ?

మర్చిపోండి. సముద్రపు చీలిక మీదుగా కొట్టే సైప్రస్ పాయింట్ 16వ హోల్ ఫోటో నా ఫోన్ వాల్‌పేపర్, అంతవరకే మా బంధం.

ప్రైవేటు క్లబ్బే అయినా రానిచ్చేవి ఎలా పట్టుకోవాలి?

ఉత్తరం రాయాలి. మ్యూర్‌ఫీల్డ్ నడిపేది 1744లో మొట్టమొదటి లిఖిత గోల్ఫ్ నియమాలు రాసిన క్లబ్. అక్కడ మంగళ, గురువారాల్లో బయటివాళ్లకు అవకాశం ఉంది. రాయల్ మెల్‌బోర్న్ లాంటి ఆస్ట్రేలియా క్లబ్బుల్లో, విదేశాల నుంచి వచ్చిన వేరే క్లబ్ సభ్యులు తమ క్లబ్ సెక్రటరీ నుంచి పరిచయ పత్రం తెచ్చుకుంటే స్లాట్ అడగొచ్చు. మీ క్లబ్ లెటర్‌హెడ్‌కు ఇంత విలువ ఉంటుందని మీకు ఇప్పటిదాకా తెలిసి ఉండదు. నెలల ముందు, మర్యాదగా, మీ హ్యాండిక్యాప్, రాగలిగే తేదీలు రాసి పంపండి.

ఆడవాళ్లకు ఇవన్నీ తెరిచి ఉన్నాయా?

పబ్లిక్ కోర్సుల్లో ఏ తేడా లేదు. క్లబ్బుల చరిత్ర మాత్రం సిగ్గుపడేలా ఉంది. అగస్టా మొదటి మహిళా సభ్యులను తీసుకుంది 2012లో. ఆర్ అండ్ ఏ ఓటు వేసి ఒప్పుకున్నది 2014లో, మ్యూర్‌ఫీల్డ్ 2017లో, పైన్ వ్యాలీ 2021లో. ఓపెన్ పోటీలు ఇక ఇవ్వబోమని నిర్వాహకులు 2016లో చెప్పేదాకా మ్యూర్‌ఫీల్డ్ కదల్లేదు.

సెయింట్ ఆండ్రూస్‌లో 1867లోనే ఆడవాళ్లకు ఒక పటింగ్ క్లబ్ మొదలైంది. ఆడవాళ్లు చెయ్యి భుజం పైకెత్తి గోల్ఫ్ కర్ర ఊపడం మర్యాద కాదనుకున్న రోజులవి, అందుకని పటింగ్ వరకే. ఆ మైదానం ఇప్పటికీ ఉంది. గుట్టలు గుట్టలుగా ఉంటుంది, దాని పేరేంటో తెలుసా, హిమాలయాలు! కొద్ది పౌండ్లు ఇస్తే ఎవరైనా ఆడొచ్చు.

మా ఆవిడకు గోల్ఫ్ అంటే విసుగు. ఏం చెప్పి తీసుకెళ్లాలి?

పై హిమాలయాలే నా జవాబు. మాతో వచ్చిన మా చెల్లెలు ఎప్పుడూ పటర్ పట్టుకోలేదు, అక్కడ మా బావను ఓడించింది. ఆయన ఇంకా ఆ మాట ఎత్తనివ్వడు. ఆదివారం ఓల్డ్ కోర్స్ పార్కు అయిపోతుంది, ఊరంతా కుక్కలతో, పిల్లలతో వచ్చి ఫెయిర్‌వే మీద నడుస్తారు. మీరూ నడవండి, స్విల్కన్ వంతెన మీద అందరూ కలిసి ఫోటో దిగండి, పైసా ఖర్చు లేదు. పెబుల్ బీచ్‌లో అయితే 17 మైల్ డ్రైవ్ ఎలాగూ చూస్తారు. కారుకు చిన్న రుసుము కట్టి సముద్రం పక్కన తిరుగుతూ, దారిలో 18వ గ్రీన్ దగ్గర పది నిమిషాలు ఆగొచ్చు.

మన దేశంలో కలగనదగ్గ కోర్సులు లేవా?

ఎందుకు లేవు. కోల్‌కతాలోని రాయల్ కలకత్తా 1829 నాటిది, బ్రిటిష్ దీవుల బయట అంతకంటే పాత క్లబ్ లేదు. గుల్మార్గ్‌లో 2,650 మీటర్ల ఎత్తున మంచు కొండల నడుమ ఆడొచ్చు, పలచని గాలిలో బంతి మన స్థాయికి మించి వెళ్తుంది, ఆ రెండు రోజులు మనమీద మనకు గౌరవం పెరుగుతుంది. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో పాత సమాధి కట్టడాల మధ్య నెమళ్లు తిరుగుతుంటాయి.

మన దగ్గరికి వస్తే గోల్కొండ నయా ఖిల్లాలో, కుతుబ్‌షాహీ కోట గోడల మధ్య ఆట. నాలుగు వందల ఏళ్లు దాటిందనే హతియాన్ కా ఝాడ్ అనే బావోబాబ్ చెట్టు ఆ ఆవరణలోనే ఉంది. కోట వారసత్వ స్థలంలో గోల్ఫ్ ఉండాలా అన్న వాదన పాతదే, అందులో న్యాయం లేదని నేననను. గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్, విశాఖ ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్ కూడా ఉన్నాయి. బయటిదేశం నుంచి వచ్చిన ఒక మిత్రుణ్ని నయా ఖిల్లాకు తీసుకెళ్తే, అతను స్కోరు రాయడం మర్చిపోయి బురుజుల ఫోటోలు తీశాడు.

అక్కడ ఆడితే స్కోరు ఎంతొస్తుంది?

మీ మామూలు స్కోరుకు పది కలుపుకోండి. నాకు 101 వచ్చింది. 14వ హోల్‌లో హెల్ బంకర్ అని ఒకటుంది, 1995 ఓపెన్‌లో జాక్ నిక్లాస్ అంతటివాడు దాంట్లో దిగి ఆ హోల్‌కు 10 రాసుకున్నాడు. నేను అదే హోల్‌లో 8 కొట్టాను. ఈ పోలికను మా బ్యాచ్‌లో ఎన్నిసార్లు చెప్పానో నాకే లెక్కలేదు. టైగర్ వుడ్స్ 2000లో అక్కడే ఓపెన్ గెలిచినప్పుడు నాలుగు రౌండ్లలో ఒక్క బంకర్‌లో కూడా పడలేదు. ఆ సంగతి మాత్రం చెప్పను.

ఎన్ని బంతులు తీసుకెళ్లాలి?

ఓల్డ్ కోర్స్‌కు ఆరు చాలు. నీరు పెద్దగా లేదు, ఎడమ వైపు విశాలంగా ఉంటుంది. కుడి వైపు ముళ్ల పొదల్లోకి పోతే వెతక్కండి, చేతులు గీరుకుపోతాయి. 18వ టీ మీద మాత్రం కుడికి కొట్టకండి, అటు రోడ్డు, దుకాణాలు, ఆగి ఉన్న కార్లు. పెబుల్ బీచ్‌కైతే డజను పెట్టుకోండి, అందులో సగం పాతవి. ఎనిమిదో హోల్‌లో కొండ అంచు మీది నుంచి లోయ దాటించి కొట్టేటప్పుడు కొత్త బంతి తీసేవాడికి ఇంకా ఆశ ఉన్నట్టు లెక్క.